సోమవారం ఉదయం 8 గంటల 26 నిమిషాలు

చంద్రుడి మీద మనిషి కాలు పెట్టడం తాను టీవీలో చూశానని మా పెదనాన్న చెప్పేవారు. బెజవాడ గవర్నర్‌పేటలో, స్నేహితుడి ఇంట్లో, ముందుగదిలో జనం కిక్కిరిసి కూర్చుని చూశారట. మసక బొమ్మ, నిచ్చెన దిగుతున్న తెల్లటి ఆకారం, దగ్గడానికి కూడా భయపడుతున్న మనుషులు. జూలై వస్తే ఈ కథ ఒక్కసారైనా చెప్పాల్సిందే. మేమూ ప్రతిసారీ కొత్తగా వింటున్నట్టే వినేవాళ్లం. ఆయన పోయిన చాలా ఏళ్లకు, ఈ వ్యాసం కోసం తేదీలూ గంటలూ సరిచూసుకుంటుంటే తెలిసింది, అలా జరిగే అవకాశమే లేదని.

లెక్క చిన్నదే. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి మీద అడుగు వేసినప్పుడు గ్రీనిచ్ కాలం ప్రకారం 1969 జూలై 21, తెల్లవారుజాము 2:56. దానికి ఐదున్నర గంటలు కలిపితే మనకు సోమవారం ఉదయం 8:26. అప్పటికి మన దేశంలో టెలివిజన్ ఉన్న ఊరు ఢిల్లీ ఒక్కటే. అక్కడ ప్రసారాలు 1959 సెప్టెంబరు 15న మొదలయ్యాయి. రెండో ఊరు బొంబాయికి టీవీ వచ్చింది 1972 అక్టోబరులో. విదేశాలతో ఉపగ్రహం ద్వారా మాట్లాడుకోవడానికి పుణె దగ్గర ఆర్వీలో కట్టిన కేంద్రం 1971లో గానీ పని మొదలుపెట్టలేదు. కాబట్టి ఆ సోమవారం పొద్దున బెజవాడలో ఏ ముందుగదిలోనూ ఆ బొమ్మ కనిపించి ఉండదు.

పెదనాన్న మాత్రం అబద్ధమాడే మనిషి కాదు. ఆ నిచ్చెనను ఆయన నిజంగానే చూశారు. సినిమాకు ముందు వేసే న్యూస్‌రీల్లో చూశారో, మంగళవారం పేపర్లో చూశారో, ఎన్నో ఏళ్ల తర్వాత మా ఇంటి టీవీలోనే ఏ వార్షికోత్సవ కార్యక్రమంలోనో చూశారో చెప్పలేను. స్నేహితుడి ఇంట్లో జనం గుమిగూడిందీ నిజమే అయి ఉంటుంది, రేడియో చుట్టూ. రేడియో గదిలోకి ఆ బొమ్మ తర్వాతెప్పుడో నడిచి వచ్చింది. ఇలాంటిది ఆయన ఒక్కరికే జరిగిందా? మనుషులు రోదసికి వెళ్లిన ప్రతిసారీ చూసినవాళ్ల లెక్క ఒకటి, చూశామని గుర్తున్నవాళ్ల లెక్క ఇంకొకటి. రెండూ ఎక్కడా కలవవు.

ముందు చూసినవాళ్ల సంగతి. అపోలో 11 నడకను ప్రపంచమంతటా ప్రత్యక్షంగా చూసినవాళ్లు 60 నుంచి 65 కోట్ల మంది అంటారు. తల తలా లెక్కపెట్టిన అంకె కాదిది. దేశదేశాల ప్రసార సంస్థలు, టీవీ సెట్లు, ఒక్కో సెట్టు ముందు కూర్చునేవాళ్లు, ఇవన్నీ కలిపి కట్టిన అంచనా. అప్పటి ప్రపంచ జనాభా సుమారు 360 కోట్లు. అంటే ఆరుగురిలో ఒక్కరు. అమెరికాలో టీవీ ఉన్న ఇళ్లలో నూటికి 94 ఆ యాత్రలో ఏదో ఒక భాగాన్ని చూశాయి. ప్రపంచంలో ఆ ఆరుగురిలో మిగతా ఐదుగురి మాటేమిటి? సోవియట్ యూనియన్ ప్రత్యక్ష ప్రసారం ఇవ్వలేదు, చైనా ఇవ్వలేదు, మనకు వీలే లేదు. ఆనాటి జనాభాలో చైనా సుమారు 80 కోట్లు, మనం 54 కోట్లు, సోవియట్లు 24 కోట్లు. ఈ మూడు దేశాలు కలిస్తేనే దాదాపు 158 కోట్లు, అంటే మానవజాతిలో నూటికి 40 మందికి పైనే. ‘ప్రపంచమంతా ఊపిరి బిగబట్టి చూసింది’ అని ఏటా రాస్తుంటాం. చూసిన ప్రపంచం కన్నా చూడని ప్రపంచమే ఎన్నో రెట్లు పెద్దది. అందులో రేడియోలో విన్న ప్రపంచమే నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగిస్తుంది. బొమ్మ లేకుండా అంత దూరాన్ని ఊహించుకోవడం తక్కువ పనా!

ఇక చూసినవాళ్లు చూసిందేమిటి? ఆ బొమ్మ కథ కొంచెం వివరంగా చెప్పాలి. చంద్రుడి మీది కెమెరా సెకనుకు 10 బొమ్మలే తీసేది, ఒక్కో బొమ్మకు 320 గీతలు. అమెరికా ఇళ్లలోని టీవీలకు సెకనుకు 30 బొమ్మలు, 525 గీతలు కావాలి. చంద్రుడి మీద దిగిన నౌక నుంచి వచ్చే సంకేతాల్లో చోటు చాలక కెమెరాను అలా తయారుచేశారు. మరి ఇళ్లకు పంపడం ఎలా? భూమి మీది కేంద్రంలో ఆ నెమ్మది బొమ్మను ఒక చిన్న తెర మీద చూపించి, ఆ తెరకు ఎదురుగా మామూలు టీవీ కెమెరాను పెట్టారు. పెళ్లి వీడియో టీవీలో ఆడుతుంటే దాన్ని ఫోనుతో మళ్లీ తీసినట్టు. అందుకే ఆర్మ్‌స్ట్రాంగ్ దెయ్యపు నీడలా కనిపించాడు. మొదటి క్షణాల్లో బొమ్మ తలకిందులుగా కూడా వచ్చింది. అడుగు వేసినప్పటి బొమ్మ ఆస్ట్రేలియాలోని హనీసకల్ క్రీక్ కేంద్రం పట్టింది. తొమ్మిది నిమిషాలు కాకముందే, అదే దేశంలో 64 మీటర్ల వెడల్పున్న పార్క్స్ డిష్ అందుకుంది. ఆ వేళ పార్క్స్‌లో గంటకు 110 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలి కొట్టింది. ఆ గాలికి అంత పెద్ద డిష్‌ను వంచి నిలపడం ప్రమాదమని తెలిసినా అక్కడివాళ్లు దింపలేదు. తలుపు తెరిచింది మొదలు మూసేదాకా 2 గంటల 31 నిమిషాల ఆ నడకలో ఎక్కువ భాగం వాళ్ల చలవే.

చంద్రుడి నుంచి నేరుగా వచ్చిన ఆ స్పష్టమైన సంకేతాలను అయస్కాంత టేపుల మీద నింపారు. ఆ టేపుల కోసం చాలాకాలం వెతికి, 2009లో నాసా చెప్పిన మాట వింటే మనసు చివుక్కుమంటుంది. టేపుల కొరత రోజుల్లో వాటిని చెరిపేసి మళ్లీ వాడుకున్నారు. మనకు మిగిలింది తెర ఎదుట కెమెరా పెట్టి తీసిన ఆ మసక బొమ్మే. ఆ రాత్రి తెర ముందున్న 60 కోట్ల మందీ, తర్వాత చూసిన మనమూ, అందరమూ చూసింది నకలునే. పెదనాన్న చెప్పిన ‘మసక మసకగా’ అన్న మాట ఒక్కటి మాత్రం నూటికి నూరుపాళ్లు సరిపోయింది.

అపోలో 11 ప్రయోగం రోజున ఫ్లోరిడా తీరంలో రోడ్ల పక్కన, ఇసుక మీద, పడవల్లో, కార్ల పైకప్పుల మీద చేరినవాళ్లు పది లక్షలని అంచనా. మనకు అప్పుడు బుధవారం సాయంత్రం 7:02. ఆ పది లక్షల్లో ఒక చిన్న గుంపు గురించి తప్పక చెప్పాలి. మార్టిన్ లూథర్ కింగ్ సహచరుడు రాల్ఫ్ అబర్నాతీ, ముందు రోజు కొన్ని పేద నల్లజాతి కుటుంబాలతో, కంచర గాడిదలు లాగే బండితో అక్కడికి వచ్చారు. ఆకలితో ఉన్న పిల్లలుండగా ఇంత డబ్బు పైకి పంపడం న్యాయమా అని అడిగారు. నాసా అధిపతి టామ్ పెయిన్ బయటికి వచ్చి ఆయనతో నిలబడి మాట్లాడారు. వ్యోమగాముల క్షేమం కోసం ప్రార్థిస్తామని అబర్నాతీ మాట ఇచ్చారు. మరునాడు ఆ కుటుంబాల్లో కొందరు అతిథుల గ్యాలరీ నుంచే రాకెట్‌ను చూశారు. నిరసనా, సంబరమూ ఒకే గుంపులో ఉండొచ్చని ఆ ఉదయం చూపించింది. మన జ్ఞాపకాల్లో సంబరమే మిగిలింది.

అభిప్రాయ సేకరణలు కూడా ఇదే చెబుతాయి. 1960ల పొడుగునా రోదసి ఖర్చు మరీ ఎక్కువైందని అన్న అమెరికన్లు, అడిగిన ఏడాదిని బట్టి, 45 నుంచి 60 శాతం దాకా ఉన్నారు. దిగిన పదేళ్లకు, 1979లో, ‘పెట్టిన ఖర్చుకు తగిన ఫలితం వచ్చింది’ అన్నవాళ్లు సగం కన్నా తక్కువ. అదే 1989 నాటికి 77 శాతం అయ్యారు. చంద్రుడు మారలేదు, ఖర్చయిన డబ్బు తిరిగి రాలేదు. ఆ రాత్రి నాన్న ఒళ్లో కూర్చుని చూసిన పిల్లలు పెద్దవాళ్లై జవాబు చెప్పే వయసుకు వచ్చారు. ఆ 77లో నాన్న ఒడి కూడా ఉందని నా నమ్మకం.

ఉత్సాహం మాత్రం చాలా తొందరగా చల్లారింది. 1970 ఏప్రిల్‌లో అపోలో 13 చంద్రుడి దారిలో ఉండగా, ముగ్గురు వ్యోమగాములు తమ నౌకను టీవీలో చూపిస్తూ కబుర్లు చెప్పారు. అమెరికాలోని మూడు పెద్ద నెట్‌వర్కుల్లో ఒక్కటీ దాన్ని ప్రసారం చేయలేదు. తొమ్మిది నెలల క్రితం 94 శాతం ఇళ్లను పట్టేసిన విషయమే అది. ఆ కార్యక్రమం ముగిసిన పది నిమిషాల్లోపు ఆక్సిజన్ ట్యాంకు పేలింది. అప్పుడు భూమికి సుమారు 3 లక్షల 20 వేల కిలోమీటర్ల దూరంలో ఉన్నారు. తర్వాత నాలుగు రోజులు ప్రపంచం మళ్లీ రేడియోలకూ టీవీలకూ అతుక్కుపోయింది. రోమ్‌లో పోప్ వెంట పది వేల మంది ప్రార్థించారు. మన దేశంలో ఒక ఉత్సవంలో లక్ష మంది ప్రార్థించారని ఆనాటి వార్తలు నమోదు చేశాయి. ఆ ముగ్గురి పేర్లు ఆ లక్షలో ఎందరికి తెలుసో! ఆపదలో ఉన్న మనిషి కోసం చేతులు జోడించడానికి పేరు తెలియనక్కర్లేదు కదా. ప్రాణం పోతుందో ఉంటుందో తెలియని ఆ నిరీక్షణే జనాన్ని దగ్గరికి చేరుస్తుంది. వెళ్లేది మనిషి కాబట్టే రోదసి యాత్ర మన ఇంటి విషయం అవుతుంది.

పెదనాన్న గదికి మళ్లీ వస్తాను. ఆయన జ్ఞాపకంలో జరిగిన మార్పును దాదాపు అచ్చంగా కొలిచి చూపిన పరిశోధన ఒకటుంది.

1986 జనవరి 28న చాలెంజర్ షటిల్ పైకి లేచిన 73 సెకన్లకు ముక్కలైంది. ఏడుగురు పోయారు. వాళ్లలో క్రిస్టా మెకాలిఫ్ బడిపంతులమ్మ. 11 వేలకు పైగా దరఖాస్తుల్లోంచి ఆమెను ఎంచుకున్నారు. అందుకే బళ్లలో పిల్లల కోసం ప్రసారం ఏర్పాటు చేశారు. మరునాటి ఉదయమే, అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్త ఉల్రిక్ నైసర్ తన విద్యార్థులు 106 మందికి కాగితాలు పంచాడు. ఈ వార్త నీకెలా తెలిసింది? ఎక్కడున్నావు? ఎవరితో ఉన్నావు? అప్పుడేం చేస్తున్నావు? సొంత చేతిరాతతో రాయించి దాచాడు. రెండున్నరేళ్ల తర్వాత, నైసర్, నికోల్ హార్ష్ కలిసి వాళ్లలో 44 మందిని దొరకబుచ్చుకుని అవే ప్రశ్నలు వేశారు. రెండు జవాబులూ ఎంత కలిశాయో చూసి ఏడుకు మార్కులు వేశారు.

ఏడుకు ఏడు వచ్చినవాళ్లు ముగ్గురు. సున్నా వచ్చినవాళ్లు 11 మంది, అంటే నలుగురిలో ఒకరు. సగటు మూడు కూడా లేదు. అయితే ‘నీ జ్ఞాపకం మీద నీకెంత నమ్మకం’ అని అడిగితే, ఐదుకు సగటున 4.17 వేసుకున్నారు. ఇంకో అంకె నన్ను కదిలించింది. మరునాడు రాసిన కాగితాల్లో ‘మొదట టీవీలో చూసి తెలుసుకున్నాను’ అన్నవాళ్లు 21 శాతం. రెండున్నరేళ్ల తర్వాత 45 శాతం. మొదటి కాగితాల ప్రకారం మిగతావాళ్లకు ఎవరో చెప్పారు, క్లాసులోనో, కారిడార్లోనో, హాస్టల్లోనో. ఆ తర్వాత రోజుల తరబడి టీవీ ఆ పొగ కొమ్ములనే చూపించింది. బొమ్మ బలంగా ఉంది, మాట బలహీనంగా ఉంది. కాలం గడిచాక బొమ్మ మాటను పక్కకు నెట్టి ఆ చోట్లో కూర్చుంది. సొంత చేతిరాతే తెచ్చి చూపించినా వాళ్లకు అసలు జ్ఞాపకం తిరిగి రాలేదు.

చాలెంజర్ గురించి మరో అధ్యయనంలో, ప్రయోగాన్ని చూశామన్నవాళ్లు 17 శాతమే. గంటలోపు విన్నవాళ్లు 85 శాతం. ఆనాడు అమెరికా అంతటా దాన్ని ప్రత్యక్షంగా చూపిన పెద్ద చానల్ సీఎన్ఎన్ ఒక్కటే. ఈ వివరాలు తెలిసిన రోజు రాత్రి నాకు పెదనాన్న మీద ప్రేమ పెరిగిందే గానీ తగ్గలేదు. ఆయన జ్ఞాపకంలో మారింది బొమ్మ. గదిలోని మనుషులు మారలేదు.

నా సంగతి చెప్పనా? 1984 ఏప్రిల్ 3 సాయంత్రం, రాకేశ్ శర్మ సోయుజ్ టి-11లో ఎగిరారు. నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఎదురింటివాళ్ల కిటికీ చువ్వలు పట్టుకుని, ఆయన ఇందిరా గాంధీతో మాట్లాడటం చూసినట్టు గుర్తు. రంగుల్లో గుర్తుంది. ఎదురింటి సెట్టు నలుపు తెలుపుదని మొన్న అమ్మ చెప్పింది. శర్మ పటియాలాలో పుట్టినా, చదివింది హైదరాబాదులోని సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూల్లో, నిజాం కాలేజీలో. మన వీధుల్లో సైకిలు తొక్కిన కుర్రాడు పైకెళ్లాడని మా మాస్టారు చెప్పినప్పుడు క్లాసంతా బల్లలు చరిచింది.

ఆయన రోదసిలో ఉన్నది 7 రోజుల 21 గంటల 40 నిమిషాలు. నిమిషాల్లో 11,380. యోగాసనాలు వేశారు, దేశాన్ని ఫొటోలు తీశారు, మైసూరు రక్షణ ఆహార ప్రయోగశాల పంపిన సూజీ హల్వాను తోటి రష్యన్లకు పెట్టారు. అన్ని నిమిషాల్లో దేశానికి గుర్తున్నది ఒక్క నిమిషం కూడా కాదు. పైనుంచి భారతదేశం ఎలా కనిపిస్తోందని ప్రధాని అడగడం, ఇక్బాల్ గీతంలోని తొలి మాటలతో ఆయన జవాబివ్వడం, అంతే. నా మట్టుకు నాకు ఆ కొన్ని సెకన్లు చాలు.

కల్పనా చావ్లా ఉన్న కొలంబియా షటిల్ గురించి రాయడం కష్టం. 2003 ఫిబ్రవరి 1, శనివారం. మన గడియారాల్లో రాత్రి 7:46కు దిగాలి. సుమారు 7:29కి మాట ఆగిపోయింది. మధ్యలో మిగిలింది పదహారు, పదిహేడు నిమిషాలు. కర్నాల్‌లో కల్పనా చావ్లా చదివిన బడిలో, ఆమె దిగగానే సంబరం చేసుకోవాలని పిల్లలు చేరి ఉన్నారు. అంతకు నాలుగున్నర నెలల ముందు, 2002 సెప్టెంబరు 12న, మన శ్రీహరికోట నుంచి మెట్‌శాట్ అనే వాతావరణ ఉపగ్రహం వెళ్లింది. కొలంబియా కూలిన నాలుగు రోజులకు దానికి కల్పన-1 అని పేరు మార్చారు. నెల్లూరు తీరం నుంచి ఎగిరిన ఒక పెట్టెకు ఆ పిల్ల పేరు పెట్టి, ఆ పేరుతోనే ఏళ్ల తరబడి తుపాన్ల వార్తలు విన్నాం. జ్ఞాపకాన్ని దాచుకోవడానికి అంతకన్నా మంచి చోటు నాకు తోచదు.

ఇప్పుడు లెక్కలు మారాయి. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగుతున్నప్పుడు, అందులో మనుషులు లేకపోయినా, ఇస్రో యూట్యూబ్ ప్రసారాన్ని ఏకకాలంలో చూసిన సంఖ్య 80 లక్షలు దాటింది. ఇది 1969 నాటి అంచనాలాంటిది కాదు, యంత్రం లెక్కించినది. అయితే ఆ యంత్రం లెక్కపెట్టేది తెరలను, మనుషులను కాదు. బడి హాల్లో మూడు వందల మంది పిల్లలు ఒక తెర ముందు కూర్చుంటే అది ఒకటి. ఒంటరిగా ఫోను పట్టుకున్న మనిషి కూడా ఒకటే.

2021 జూలైలో, ఆంధ్రప్రదేశ్‌లో పుట్టి హ్యూస్టన్‌లో పెరిగిన బండ్ల శిరీష 86 కిలోమీటర్ల ఎత్తుదాకా వెళ్లొచ్చినప్పుడు మా బంధువుల వాట్సాప్ గ్రూపు ఆ రాత్రంతా నిద్రపోలేదు. ఆ ఏడాదే నవంబరులో హైదరాబాదు మూలాలున్న రాజాచారి అంతరిక్ష కేంద్రానికి వెళ్లి 177 రోజులకు తిరిగొచ్చారు. రాకేశ్ శర్మ తర్వాత భారత పౌరుడొకరు మళ్లీ రోదసికి వెళ్లడానికి మాత్రం 41 ఏళ్లు పట్టింది. శుభాంశు శుక్లా యాత్ర మళ్లీ మళ్లీ వాయిదా పడి, 2025 జూన్ 25 మధ్యాహ్నం 12:01కి మొదలైంది. ఆయన ఎగిరిన 39ఏ ప్రయోగ వేదిక, 1969లో అపోలో 11 ఎగిరిన వేదికే. అప్పుడూ బుధవారమే, ఇప్పుడూ బుధవారమే.

గగన్‌యాన్ ఎగిరేది మాత్రం శ్రీహరికోట నుంచి. నలుగురు వ్యోమగాముల పేర్లు 2024 ఫిబ్రవరి 27న ప్రకటించారు. మన నేల మీద నుంచి మనుషులు రోదసికి వెళ్లడం అదే మొదటిసారి అవుతుంది. అక్కడ జనం కూర్చుని చూడటానికి 2019లో కట్టిన గ్యాలరీలో 5,000 మందికి చోటుంది. దాన్ని 10,000కు పెంచాలన్నది ఆలోచన. టికెట్టు దొరకనివాళ్లు సూళ్లూరుపేట రోడ్డు మీద, పులికాట్ గట్ల మీద నిలబడతారు. రాకెట్ ప్రయోగం దగ్గర్నుంచి చూసినవాళ్లకు తెలుసు. ముందు వెలుగు వస్తుంది. శబ్దం కిలోమీటరుకు దాదాపు మూడేసి సెకన్లు ఆలస్యంగా వస్తుంది. ఆ మధ్య సెకన్లలో అంత జనమూ నోరెత్తరు. రాకెట్ పైకి లేస్తూ కనిపిస్తుంటుంది, చప్పుడు ఉండదు. లోపల మనుషులున్న రోజున ఆ కొద్ది సెకన్లు ఎలా ఉంటాయో తలచుకుంటేనే గుండె గొంతులోకొస్తోంది. నేను ఆ రోడ్డు మీద ఉండాలని నిశ్చయించుకున్నాను.

నైసర్ కాగితాల గురించి చదివాక మా అమ్మాయికి ఒక చిన్న నోటుపుస్తకం కొనిచ్చాను. ఇలాంటివి జరిగిన రోజున, నిద్రపోయేలోపు, తేదీ వేసి రాయమన్నాను. ఎక్కడున్నావు, ఎవరున్నారు, ఎలా తెలిసింది. ‘పెద్ద తాతయ్య కూడా రాసుకుని ఉంటే బాగుండేది’ అంది. శుక్లా వెళ్లిన రోజు పేజీ ఆమె అనుమతితో ఇక్కడ ఇస్తున్నాను:

‘25-6-2025. బుధవారం. మ. 12:01కి రాకెట్ వెళ్లింది. అప్పుడు లెక్కల పీరియడ్. స్కూల్లో చూపించలేదు. లంచ్‌లో టీచర్ చెప్పారు, అందరం చప్పట్లు కొట్టాం. ఇంటికొచ్చాక నాన్న ఫోన్లో మళ్లీ వేసి చూపించాడు. నానమ్మ పక్కనే ఉంది. రాకెట్ పైకి లేచేటప్పుడు నానమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, అది అప్పటికే వెళ్లిపోయిందని తెలిసినా.’